క్లోరోప్లాస్ట్, మైటోకాండ్రియా జన్యువుల పనితీరు: బెంగళూరు ల్యాబులకు కొత్తగా వచ్చే మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

జీకేవీకే, ఐఐఎస్‌సీ, ఎన్‌సీబీఎస్... బెంగళూరులో మొక్కల మీద పనిచేసే ఏ ల్యాబుకు వెళ్ళినా ఒకరిద్దరు తెలుగువాళ్ళు తగులుతారు. ఆగస్టు వచ్చిందంటే కొత్త బ్యాచ్, వాళ్ళతోపాటే వాట్సాప్‌లో పాత ప్రశ్నలు. ఒకరికి టైప్ చేసింది ఇంకొకరికి మళ్ళీ టైప్ చేసే ఓపిక లేక అన్నీ ఒకచోట పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## ల్యాబులో చేరకముందు

కేంద్రకంలో అంత డీఎన్ఏ ఉండగా క్లోరోప్లాస్ట్, మైటోకాండ్రియాలకు సొంతంగా మళ్ళీ ఎందుకు?

రెండూ ఒకప్పుడు బయట వాటి బతుకు అవి బతికిన బ్యాక్టీరియాలే. క్లోరోప్లాస్ట్‌ది సయనోబ్యాక్టీరియా వంశం, మైటోకాండ్రియాది ఆల్ఫాప్రోటియోబ్యాక్టీరియా వంశం. కణంలో స్థిరపడ్డాక వాటి జన్యువుల్లో కొన్ని పోయాయి, చాలావరకు కేంద్రకానికి వలస వెళ్ళాయి. ఇప్పుడు క్లోరోప్లాస్ట్‌లో సుమారు 3000 రకాల ప్రోటీన్లు ఉంటే, దాని సొంత డీఎన్ఏ నుంచి వచ్చేవి 80 చిల్లర. మిగతావన్నీ సైటోప్లాజంలో తయారై లోపలికి వస్తాయి. ఆ 80 మాత్రం ఎందుకు మిగిలాయన్నదానిపై ఇంకా వాదన నడుస్తూనే ఉంది. పొరలో కూరుకుపోయే ప్రోటీన్లను బయట తయారుచేసి లోపలికి పంపడం కష్టమని కొందరంటారు. కిరణజన్య సంయోగక్రియలో ఎలక్ట్రాన్ల ప్రవాహాన్ని బట్టి జన్యువును అక్కడికక్కడే అదుపు చేయాలి కాబట్టి అక్కడే ఉన్నాయని ఇంకొందరంటారు. ఇంటర్వ్యూలో అడిగితే రెండూ చెప్పండి.

క్లోరోప్లాస్ట్ జీనోమ్ సైజు అందరూ ఒకటే చెబుతారు. మైటోకాండ్రియాది ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంది. ఏది రైట్?

అన్నీ రైటే. నేలమీది మొక్కల్లో ఎక్కువవాటికి క్లోరోప్లాస్ట్ జీనోమ్ 120 నుంచి 160 కిలోబేస్‌ల మధ్య ఉంటుంది. 1986లో జపాన్‌లోని రెండు బృందాలు పొగాకు (దాదాపు 156), మార్కాంటియా అనే నాచులాంటి చిన్న మొక్క (121) పూర్తి సీక్వెన్సులు ఇచ్చాయి. వరిది 1989లో వచ్చింది, 134,525 బేస్ జతలు. మైటోకాండ్రియా దగ్గర మాత్రం ఈ క్రమశిక్షణ లేదు. మనిషిలో 16,569 బేస్ జతలైతే ల్యాబుల్లో నమూనాగా వాడే చిన్న మొక్క అరబిడాప్సిస్‌లో సుమారు 367 కిలోబేస్‌లు, సైలీన్ కోనికా అనే చిన్న పూలమొక్కలో ఏకంగా 11 మెగాబేస్‌లు. ఇది ఈ.కోలై బ్యాక్టీరియా జీనోమ్‌కి రెట్టింపు పైనే. అలాగని జన్యువులు అంత పెరగలేదు, పెరిగిందంతా జన్యువుల మధ్య జాగా. పైగా పుస్తకంలో గీసే గుండ్రటి బొమ్మ సౌకర్యం కోసమే. మొక్కల మైటోకాండ్రియాలో డీఎన్ఏ ఎక్కువగా పొడవాటి, కొమ్మలున్న ముక్కలుగా ఉంటుంది.

ఇవి బ్యాక్టీరియా వంశమే కదా? ఆపరాన్ మోడల్ బాగా చదివాను, అది చాలదా?

చాలదు, పైగా తప్పుదోవ పట్టిస్తుంది. ఆపరాన్లలాంటి (ఒకే స్విచ్ కింద కలిసి నడిచే) జన్యు గుంపులు, 70ఎస్ రకం రైబోజోములు, సిగ్మా ఫ్యాక్టర్లు చూసి బ్యాక్టీరియాలాగే ప్రమోటర్ (జన్యువు చదవడం మొదలయ్యే చోటు) దగ్గరే అదుపంతా ఉంటుందనుకుంటాం. కానీ బ్యాక్టీరియాలో ఆర్ఎన్ఏ తయారవుతుండగానే దాని మీద ప్రోటీన్ తయారీ మొదలవుతుంది, నిమిషాల్లో ఆ ఆర్ఎన్ఏ పోతుంది. మొక్కల ఆర్గనెల్లలో (అంటే క్లోరోప్లాస్ట్, మైటోకాండ్రియాల్లో) ఆర్ఎన్ఏ తయారవడం సగం పనే. దాన్ని కోయాలి, చివర్లు సరిచేయాలి, మధ్యలో ఉండే అక్కర్లేని ముక్కలైన ఇంట్రాన్లు తీసేయాలి, అక్షరాలు దిద్దాలి, చెడిపోకుండా కాపాడాలి, అప్పుడు రైబోజోమ్ ఎక్కించాలి. ఈ పనులు చేసే ప్రోటీన్లలో దాదాపు అన్నీ కేంద్రకం నుంచి వచ్చేవే. జన్యువు క్లోరోప్లాస్ట్‌లో ఉన్నా పెత్తనం కేంద్రకానిది. కాబట్టి ఎంఆర్ఎన్ఏ ఎంత ఉందో కొలిచి ప్రోటీన్ ఇంత ఉంటుందని చెప్పే ధైర్యం ఇక్కడ చేయకండి. గైడ్ ముందు అసలు చేయకండి.

## ఆర్ఎన్ఏ తయారీ దగ్గర

క్లోరోప్లాస్ట్‌లో రెండు ఆర్ఎన్ఏ పాలిమరేజ్‌లు ఎందుకు? పీఈపీ, ఎన్ఈపీ ఎప్పుడూ కలిసిపోతాయి.

పీఈపీ అంటే ప్లాస్టిడ్ (క్లోరోప్లాస్ట్, దాని బంధువులు) కోడ్ చేసే పాలిమరేజ్, బ్యాక్టీరియా రకం. దాని నాలుగు ప్రధాన సబ్‌యూనిట్లను (ఆర్‌పీఓఏ, బీ, సీ1, సీ2) క్లోరోప్లాస్ట్ జన్యువులే కోడ్ చేస్తాయి. ప్రమోటర్‌ను గుర్తుపట్టే సిగ్మా ఫ్యాక్టర్లు మాత్రం కేంద్రకం నుంచి వస్తాయి, అరబిడాప్సిస్‌లో ఆరు. ఎన్ఈపీ అంటే కేంద్రకం కోడ్ చేసే పాలిమరేజ్, ఫేజ్ (బ్యాక్టీరియాకు సోకే) వైరస్ పాలిమరేజ్‌ను పోలినది. ఒకే సబ్‌యూనిట్, పూర్తిగా కేంద్రకం సరుకు. స్థూలంగా, పీఈపీ సబ్‌యూనిట్ల జన్యువుల్లాంటి ఇంటి పనుల జన్యువులను ఎన్ఈపీ చదువుతుంది, కిరణజన్య సంయోగక్రియ జన్యువులను పీఈపీ చదువుతుంది. చాలా జన్యువులకు రెండు రకాల ప్రమోటర్లూ ఉంటాయి కాబట్టి ఈ గీత మరీ గట్టిది కాదు.

దీనికి మంచి రుజువు 1996 నాటి పొగాకు ప్రయోగం. ఆర్‌పీఓబీ జన్యువును తీసేస్తే పీఈపీ లేకుండా పోయింది. మొక్క తెల్లగా పాలిపోయింది కానీ ప్లాస్టిడ్‌లో ట్రాన్‌స్క్రిప్షన్ (డీఎన్ఏ నుంచి ఆర్ఎన్ఏ తయారీ) ఆగలేదు. అంటే అక్కడ ఇంకో పాలిమరేజ్ పనిచేస్తున్నట్టే కదా. మీ మ్యూటెంట్ మొలక తెల్లగా వస్తే పీఈపీ, దానికి అతుక్కుని ఉండే పీఏపీ ప్రోటీన్ల మీద అనుమానం పెట్టుకోవడం తప్పు కాదు.

మైటోకాండ్రియాలో పాలిమరేజ్ ఏది?

ఫేజ్ రకమే, కేంద్రకం నుంచి వస్తుంది. అరబిడాప్సిస్‌లో ఒకటి మైటోకాండ్రియాకే పరిమితం, ఇంకొకటి క్లోరోప్లాస్ట్‌కి, మైటోకాండ్రియాకి రెండింటికీ వెళ్తుంది. వరి, జొన్న లాంటి గడ్డిజాతుల్లో ఆ రెండోది లేదు. ఎంట్రన్స్ పరీక్షల్లో ఈ చివరి ముక్క అడగడానికి వీలైన ప్రశ్న.

వెలుతురు పడగానే క్లోరోప్లాస్ట్ జన్యువులు ఆన్ అవుతాయంటారు. నిజమేనా?

సగం నిజం. నీలి వెలుతురుకు సిగ్ 5 అనే సిగ్మా ఫ్యాక్టర్ పెరిగి పీఎస్‌బీడీ జన్యువు ప్రత్యేక ప్రమోటర్‌ను పనిచేయిస్తుంది. అది ట్రాన్‌స్క్రిప్షన్ దగ్గర జరిగే అదుపు. కానీ అందరూ ఉదాహరణగా చెప్పే పీఎస్‌బీఏ కథ వేరు. అది కోడ్ చేసే డీ1 ప్రోటీన్ ఎండలో ఎప్పటికప్పుడు దెబ్బతింటుంది, దాని చోట కొత్తది పెట్టుకోవాల్సిందే. ముదురు ఆకును చీకట్లో పెట్టి మళ్ళీ వెలుతురులోకి తెస్తే నిమిషాల్లో డీ1 తయారీ ఎగబాకుతుంది, ఎంఆర్ఎన్ఏ మాత్రం పెద్దగా కదలదు. అది ముందే సిద్ధంగా ఉంటుంది, రైబోజోములు దాని మీదికి ఎక్కడమే తేడా. ఎంఆర్ఎన్ఏని మాత్రమే కొలిచే క్యూపీసీఆర్ ఒక్కటే చేసి "పీఎస్‌బీఏకి వెలుతురుతో సంబంధం లేదు" అని రాసేస్తే రివ్యూయర్ ఊరుకోడు.

## ఆర్ఎన్ఏ తయారయ్యాక

ఆర్ఎన్ఏ ఎడిటింగ్ అంటే క్రిస్పర్ లాంటిదా?

కాదు. క్రిస్పర్ మనం డీఎన్ఏని మార్చే పద్ధతి, ఇది మొక్క తనంతట తాను చేసుకునే దిద్దుబాటు. డీఎన్ఏలో సీ ఉన్న కొన్ని చోట్ల ఆర్ఎన్ఏలో దాన్ని యూగా మారుస్తుంది. 1989లో మొక్కల మైటోకాండ్రియాలో మూడు బృందాలు విడివిడిగా దీన్ని గమనించాయి. 1991లో మొక్కజొన్న క్లోరోప్లాస్ట్‌లో దొరికిన ఉదాహరణ ఇంకా ముచ్చటైనది. ఆర్‌పీఎల్2 జన్యువులో మొదటి కోడాన్ (మూడక్షరాల మాట) ఏసీజీ. అలాగే వదిలేస్తే ప్రోటీన్ మొదలే కాదు. ఆ సీ యూగా మారితేనే ఏయూజీ అవుతుంది.

అరబిడాప్సిస్ క్లోరోప్లాస్ట్‌లో ఇలాంటి ప్రధాన చోట్లు 30 పైచిలుకు, మైటోకాండ్రియాలో 400 పైనే. ఇవి జాతిని బట్టి మారతాయి. ఒక మొక్కలో ఎడిట్ అయ్యే సీ ఇంకో మొక్క డీఎన్ఏలోనే టీగా ఉండొచ్చు. మార్కాంటియాలో అసలు ఎడిటింగే లేదు. అందుకే డేటాబేస్‌లో డీఎన్ఏ చూసి నేరుగా అమైనో ఆమ్లాలుగా తర్జుమా చేసిన వరస మైటోకాండ్రియా జన్యువుల్లో తరచూ తప్పు. మీ మొక్క సీడీఎన్ఏ (ఆర్ఎన్ఏ నుంచి తిరిగి చేసిన డీఎన్ఏ) సీక్వెన్స్ చేసుకోండి. శాంగర్ గ్రాఫ్‌లో ఒకే చోట సీ, టీ శిఖరాలు రెండూ కనిపిస్తే కంగారు వద్దు, అక్కడ ఎడిటింగ్ పాక్షికంగా జరిగిందని అర్థం. ఆ సీ శిఖరం కలిసిపోయిన డీఎన్ఏ వల్ల రాలేదని తేల్చుకోవడానికి సీడీఎన్ఏ తయారుచేసే రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ ఎంజైమ్ వేయని కంట్రోల్ ఉండాల్సిందే.

ప్రతి పేపర్‌లోనూ పీపీఆర్ ప్రోటీన్ అనే మాటే. ఇవి ఇన్ని ఎందుకు?

పీపీఆర్ అంటే పెంటాట్రైకోపెప్టైడ్ రిపీట్. అరబిడాప్సిస్‌లోనే సుమారు 450 ఉన్నాయి, దాదాపు అన్నీ ఈ రెండు ఆర్గనెల్లకే వెళ్తాయి. సుమారు 35 అమైనో ఆమ్లాల మోటిఫ్ వరసగా మళ్ళీ మళ్ళీ వస్తుంది, ఒక్కో మోటిఫ్ ఆర్ఎన్ఏలో ఒక్కో బేస్‌ను పట్టుకుంటుంది. ఏ అమైనో ఆమ్లాల జంట ఏ బేస్‌ను పడుతుందో చెప్పే కోడ్ 2012లో బయటపడింది. ఒకటి ఎడిటింగ్ చోటు చూపిస్తుంది, ఒకటి ఇంట్రాన్ తీయడానికి సాయపడుతుంది, ఒకటి ఆర్ఎన్ఏ కొస మీద కూర్చుని నమిలేసే ఎంజైమ్‌లను ఆపుతుంది. ఎడిటింగ్‌కి సంబంధించి మొదట దొరికినది సీఆర్ఆర్4, 2005లో. ఒక్క పీపీఆర్ పోతే తరచూ ఒక్క ఆర్ఎన్ఏకే దెబ్బ తగులుతుంది. అయినా మొక్క మొత్తం పసుపురంగుకు తిరగడానికో, గింజ పొల్లు పోవడానికో అదే చాలు.

ట్రాన్స్ స్ప్లైసింగ్ అంటే ఏంటి, ఒక్క ముక్కలో చెప్పండి.

ఒకే జన్యువు ముక్కలు జీనోమ్‌లో వేర్వేరు చోట్ల ఉండి, వాటి ఆర్ఎన్ఏలు విడిగా తయారై తర్వాత అతుక్కోవడం. క్లోరోప్లాస్ట్‌లో ఆర్‌పీఎస్12, మైటోకాండ్రియాలో ఎన్ఏడీ1, 2, 5 గుర్తుపెట్టుకోండి.

ఆర్గనెల్ల ఆర్ఎన్ఏకి పాలీ-ఏ తోక ఉంటుందా, ఉండదా?

ఉంటుంది, కానీ అర్థం తలకిందులు. కేంద్రకం నుంచి వచ్చిన ఎంఆర్ఎన్ఏకి ఆ తోక రక్షణ. ఇక్కడ అది రోడ్డు వెడల్పు చేసేటప్పుడు మున్సిపాలిటీవాళ్ళు ఇంటి గోడ మీద వేసే ఎర్ర గుర్తు లాంటిది. తోక తగిలించుకున్న ఆర్ఎన్ఏని ఎంజైమ్‌లు తొందరగా కూల్చేస్తాయి. కాబట్టి పాలీ-ఏ తోకను పట్టుకునే ఓలిగో-డీటీ ప్రైమర్‌తో సీడీఎన్ఏ చేసి ఆర్‌బీసీఎల్ అనే క్లోరోప్లాస్ట్ జన్యువును కొలిస్తే, మీరు ఎక్కువగా కొలిచేది కూల్చివేతకు సిద్ధమైనవాటిని. ఆర్ఎన్ఏలో ఎక్కడైనా అతుక్కునే రాండమ్ హెక్సామర్లు వాడండి. ఆర్ఎన్ఏ సీక్వెన్సింగ్‌కి పంపేటప్పుడు కూడా కంపెనీవాళ్ళు అడగకుండానే పాలీ-ఏ ఎంపిక చేసేస్తారు. మీకు కావాల్సింది రైబోజోమల్ ఆర్ఎన్ఏ తీసేసే పద్ధతి అని ఫారంలో స్పష్టంగా రాయండి, ఫోన్ చేసి కూడా చెప్పండి.

## ప్రోటీన్ దగ్గర

రూబిస్కోలో సగం క్లోరోప్లాస్ట్‌ది, సగం కేంద్రకానిది. లెక్క ఎలా సరిపోతుంది?

రూబిస్కోలో (కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే ఎంజైమ్) 8 పెద్ద సబ్‌యూనిట్లు, 8 చిన్నవి. పెద్దవి క్లోరోప్లాస్ట్ ఆర్‌బీసీఎల్ నుంచి, చిన్నవి కేంద్రకం నుంచి. పొగాకులో చిన్న సబ్‌యూనిట్ తగ్గిస్తే, ఆర్‌బీసీఎల్ ఎంఆర్ఎన్ఏ ఉన్నా పెద్ద సబ్‌యూనిట్ తయారీ తగ్గింది. జతకాకుండా మిగిలిన పెద్ద సబ్‌యూనిట్ తన తయారీకి తానే బ్రేక్ వేస్తుంది. ఇలాంటి ఏర్పాటు క్లామిడోమోనాస్ అనే ఏకకణ శైవలంలో ఫొటోసిస్టమ్‌లకు, సైటోక్రోమ్ బీ6ఎఫ్‌కి కూడా ఉంది. ఒక భాగస్వామి రాకపోతే రెండోదాని ప్రోటీన్ తయారీ మందగిస్తుంది.

క్లోరోప్లాస్ట్‌కి జబ్బు చేస్తే కేంద్రకానికి ఎలా తెలుస్తుంది?

దీన్ని రెట్రోగ్రేడ్ సిగ్నలింగ్ అంటారు. నార్‌ఫ్లురాజాన్ అనే కలుపుమందుతో కెరోటినాయిడ్ల తయారీ ఆపితే వెలుతురులో క్లోరోప్లాస్ట్ పాడవుతుంది, వెంటనే కేంద్రకం తన కిరణజన్య సంయోగక్రియ జన్యువులను తగ్గించేస్తుంది. క్లోరోప్లాస్ట్ పాడైనా ఆ జన్యువులు నడుస్తూనే ఉండే గన్ మ్యూటెంట్లను 1993లో ప్రకటించారు. వాటిలో చాలావరకు క్లోరోఫిల్ వైపు వెళ్ళే టెట్రాపైరోల్ దారికి చెందినవి. గన్ 1 మాత్రం పీపీఆర్ కుటుంబపు ప్రోటీన్, అది సరిగ్గా ఏం చేస్తుందన్నది ఇంకా తేలలేదు. మైటోకాండ్రియా వైపు నుంచైతే ఏఎన్ఏసీ017 అనే ప్రోటీన్ కబురు మోసుకెళ్ళి ఏఓఎక్స్1ఏ లాంటి జన్యువులను లేపుతుంది.

## బెంచ్ మీద

అక్కా, జెల్‌లో రెండు బ్యాండ్లు రావాలి కదా, నాకు ఐదారు వచ్చాయి. ఆర్ఎన్ఏ పాడైపోయిందా?

ఆకు నుంచి తీశారా? అయితే టెన్షన్ వద్దు. రెండు బ్యాండ్ల లెక్క జంతు కణాలది. పచ్చటి ఆకులో సైటోప్లాజం తాలూకు 25ఎస్, 18ఎస్‌తో పాటు క్లోరోప్లాస్ట్ 16ఎస్, 23ఎస్ కూడా దండిగా ఉంటాయి. 16ఎస్ సుమారు 1.5 కిలోబేస్‌ల దగ్గర కనిపిస్తుంది. 23ఎస్ రైబోజోమ్‌లో ఉండగానే లోపల కోతలు పడి ఉంటుంది, వేడిచేసి జెల్ ఎక్కిస్తే ముక్కలుగా విడిపోతుంది. అరబిడాప్సిస్‌లో అవి సుమారు 1.3, 1.1, 0.5 కిలోబేస్‌లు. అందుకే ఆర్ఎన్ఏ ఎంత చెక్కుచెదరకుండా ఉందో చెబుతూ మెషిన్ ఇచ్చే ఆర్ఐఎన్ స్కోరు ఆకుల విషయంలో ఉత్తినే తక్కువ చూపిస్తుంది. ప్లాంట్ మోడ్ ఉంటే అది ఎంచుకోండి. అదే మొక్క వేరు నుంచి తీసిన ఆర్ఎన్ఏని పక్క లేన్‌లో పెట్టి చూడండి, అదనపు బ్యాండ్లు దాదాపు మాయమవుతాయి. నిజంగా పాడైన ఆర్ఎన్ఏ విడి బ్యాండ్లుగా రాదు, కిందికి జారిన పొగలా కనిపిస్తుంది.

పీసీఆర్‌లో మైటోకాండ్రియా జన్యువు వస్తోంది కానీ సీక్వెన్స్ కొంచెం తేడాగా ఉంది. ఎందుకు?

కేంద్రకంలో దాని నకలు ఉండి ఉండొచ్చు. ఆర్గనెల్ల డీఎన్ఏ ముక్కలు కేంద్రక క్రోమోజోముల్లో దూరి కూర్చోవడం మామూలే. అరబిడాప్సిస్ 2వ క్రోమోజోములో మైటోకాండ్రియా డీఎన్ఏ 600 కిలోబేస్‌లకు పైగా ఉంది. వరి 10వ క్రోమోజోములో దాదాపు మొత్తం క్లోరోప్లాస్ట్ జీనోమే ఉంది, 131 కిలోబేస్‌లు. ముందు ప్రైమర్లను కేంద్రక జీనోమ్ మీద బ్లాస్ట్ చేయండి (సీక్వెన్సులు పోల్చి చూడండి). వీలైతే పెర్‌కాల్ ద్రావణం మీద శుద్ధిచేసిన ఆర్గనెల్ల నుంచి డీఎన్ఏ తీసి పోల్చండి.

ఏ యాంటీబయోటిక్ దేన్ని ఆపుతుంది?

లింకోమైసిన్, స్పెక్టినోమైసిన్ క్లోరోప్లాస్ట్ రైబోజోములను. సైక్లోహెక్సిమైడ్ సైటోప్లాజం రైబోజోములను. క్లోరాంఫెనికాల్ మైటోకాండ్రియాను కూడా తాకొచ్చు, కాబట్టి క్లోరోప్లాస్ట్ ఒక్కదాన్నే ఆపాలంటే అది వద్దు. గడ్డిజాతుల్లో స్పెక్టినోమైసిన్‌ని నమ్ముకోవద్దు, చాలావాటికి సహజంగానే నిరోధకత ఉంది.

మాది రాగి ప్రాజెక్ట్. అరబిడాప్సిస్‌లో చెప్పినవన్నీ రాగికి పనికొస్తాయా?

పెద్ద సూత్రాలు పనికొస్తాయి. కానీ రాగి సీ4 మొక్క, అంటే కార్బన్ పట్టే పనిని రెండు రకాల కణాలు పంచుకుంటాయి. అందులో రూబిస్కో ఈనెల చుట్టూ ఉండే బండిల్ షీత్ కణాల్లో పోగవుతుంది, మీసోఫిల్ క్లోరోప్లాస్ట్‌లలో ఆచూకీ ఉండదు. ఆకు మొత్తం నూరేస్తే ఈ రెండూ కలిసిపోయి వచ్చే సరాసరికి అర్థం ఉండదు. రెండు రకాల కణాలను విడదీసే పద్ధతి ముందే నేర్చుకోండి. ఎడిటింగ్ చోట్లు కూడా రాగిలో మీరే వెతుక్కోవాలి, అరబిడాప్సిస్ పట్టిక తెచ్చి అతికించవద్దు.

## పొలం దగ్గర

మా నాన్న కరీంనగర్ దగ్గర హైబ్రిడ్ వరి విత్తనం పండిస్తారు. నా సబ్జెక్టుకీ దానికీ సంబంధం ఉందా?

నేరుగా ఉంది. ఆ మడిలో ఆడ వరసలు ఉంటాయి కదా, మగ వరసల పుప్పొడి పడటం కోసం పొద్దున పూట తాడు లాగుతారు. ఆ ఆడ వరసల పుప్పొడి పనిచేయదు. కారణం మైటోకాండ్రియాలో ఉంది. ఎక్కువగా వాడే వైల్డ్ అబార్టివ్ రకంలో డబ్ల్యూఏ352 అనే జన్యువుంది, మైటోకాండ్రియా డీఎన్ఏ ముక్కలు కలిసిపోయి పుట్టిందది. 2013లో తేలినదాన్ని బట్టి, ఆ ప్రోటీన్ సీఓఎక్స్11 అనే కేంద్రక ప్రోటీన్‌ను పట్టుకుని, పుప్పొడికి తిండి పెట్టే టపీటమ్ కణాలను గడువుకు ముందే చంపేస్తుంది. ఆకు, పూవులోని ఆడ భాగం బాగానే ఉంటాయి, పుప్పొడే పోతుంది.

మరి రైతు కొన్న హైబ్రిడ్ విత్తనం నుంచి గింజ ఎలా వస్తుంది? మగ వరస నుంచి ఆర్ఎఫ్3, ఆర్ఎఫ్4 అనే కేంద్రక జన్యువులు వస్తాయి. ఆర్ఎఫ్4 పీపీఆర్ ప్రోటీన్‌ను ఇస్తుంది, అది డబ్ల్యూఏ352 ఆర్ఎన్ఏని తగ్గిస్తుంది. ఆర్ఎఫ్3 ఉంటే ఆర్ఎన్ఏ ఉన్నా ప్రోటీన్ తగ్గుతుంది. ఒకే రోగానికి రెండు అంచెల్లో మందు. ఇలాంటి సైటోప్లాజం ఒక్కదాని మీదే ఆధారపడితే ప్రమాదం కూడా ఉంది. 1970లో అమెరికాలో మొక్కజొన్నను ఎండాకు తెగులు ఊడ్చేసినప్పుడు, చాలా పొలాల్లో ఉన్నది ఒకటే టెక్సాస్ సైటోప్లాజం. అందులోని టీ-యూఆర్ఎఫ్13 ప్రోటీనే ఆ బూజు విషానికి తలుపు తీసింది.

క్లోరోప్లాస్ట్‌లో, మైటోకాండ్రియాలో మనమే జన్యువులు మార్చొచ్చా?

క్లోరోప్లాస్ట్‌లో ఎప్పటినుంచో చేస్తున్నారు, క్లామిడోమోనాస్‌లో 1988, పొగాకులో 1990. జీన్ గన్‌తో డీఎన్ఏ కొట్టి, కణంలోని వేల జీనోమ్ కాపీలన్నీ మారేవరకు సెలెక్షన్ మీద ఉంచాలి, ఓపిక కావాలి. వరిలో ఇది ఇప్పటికీ కష్టమే. మైటోకాండ్రియాలో కొత్త జన్యువు పెట్టడం కుదరక ఉన్నదాన్ని కోసే దారి పట్టారు. 2019లో జపాన్ బృందం మైటోకాండ్రియాకు పంపే టాలెన్ అనే డీఎన్ఏ కత్తెరతో, పుప్పొడిని చెడగొట్టే జన్యువులైన వరిలో ఓఆర్ఎఫ్79ని, రేప్‌సీడ్‌లో ఓఆర్ఎఫ్125ని తీసేసింది. మొక్కల్లో పుప్పొడి మళ్ళీ పనిచేసింది.

సంక్రాంతికి ఊరెళ్తున్నా. మా చేలోంచి ఆకులు కోసుకొస్తే ఆర్ఎన్ఏ తీయొచ్చా?

డీఎన్ఏకి అయితే సిలికా జెల్‌లో ఎండబెట్టి తెచ్చుకోండి, చాలు. ఆర్ఎన్ఏకి మాత్రం కోసిన ఆకును కవర్లో వేసుకుని రాత్రి బస్సు ఎక్కొద్దు. ఆ చీకట్లో, ఆ ఉక్కలో మారేది ముందుగా క్లోరోప్లాస్ట్ పనులే. ఆర్ఎన్ఏ లేటర్ ద్రావణం ట్యూబుల్లో పట్టుకెళ్ళి, ఆకును సన్నగా తరిగి, కోసిన నిమిషంలోనే ముంచండి. అన్ని శాంపిళ్ళూ ఒకే సమయంలో, ఎండ పూర్తిగా పడ్డాక కోయండి. ట్యూబు మీద టైము, ఎండ ఎలా ఉందో, పై నుంచి ఎన్నో ఆకో పెన్సిల్‌తో రాయండి. మార్కర్ సిరా ఆల్కహాల్ తగిలితే పోతుంది.